ఆంధ్ర మహాసభ ఏది? - పేరుపోలికలూ, దారిచూపే మూసలూ

ఒకే ఊళ్లో ఇద్దరు రామయ్యలుంటే, ఒకరిని చెరువుగట్టు రామయ్య అనీ, ఇంకొకరిని మిట్టపొలం రామయ్య అనీ పిలుచుకోవడం మన పల్లెల్లో పరిపాటి. పేరు ఒక్కటే అయినంతమాత్రాన మనిషి ఒక్కడు కాడని గ్రహించడానికి ఎవరూ బడికి పోనక్కరలేదు. కాని అందరికీ తెలిసిన ఈ చిన్న సత్యం చరిత్ర గ్రంథాల దగ్గరకు వచ్చేసరికి తరచు మరుగునపడిపోతుంది.

చరిత్ర జవాబు పత్రాలు దిద్దే ఉపాధ్యాయులు బాగా ఎరిగిన పొరపాటు ఒకటి ఉంది. ఆంధ్ర మహాసభను గూర్చి రాయమంటే విద్యార్థి 1913లో బాపట్లలో బయలుదేరి, 1930లో జోగిపేట మీదుగా, 1944లో భువనగిరి చేరుకుంటాడు. ముప్ఫై ఏళ్లపాటు ఒకే సంస్థ, ఒకే జెండా కింద, ఒకే లక్ష్యంతో నడిచినట్టు రాసిపెడతాడు. బాపట్ల సభ ఒకటి, జోగిపేట సభ మరొకటి అన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. భువనగిరి తరువాత ఆ పేరుతోనే మూడవది కూడా వెలసిందని అసలే చెప్పలేదు. తప్పు విద్యార్థిది మాత్రమే కాదు. అతడు చదివిన పాఠం మొదట్లో, "ఈ పేరుతో ఇంకొకటి ఉంది, అది ఇది కాదు" అని ఒక్క వాక్యం రాయని వారిది కూడా.

ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యాన్ని గూర్చి. అది ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు రాయాలి, ఎలా రాయాలి, దాన్ని రాయకపోతే ఎవరు నష్టపోతారు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

1

2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలై, 2003 డిసెంబరులో తెలుగులోకి వచ్చిన వికీపీడియా నేడు మన విద్యార్థులు మొదట తెరిచే విజ్ఞాన సర్వస్వం. గ్రంథాలయానికి పోయేవాడూ ముందు దాన్ని చూసే పోతున్నాడు. ఇటీవల ప్రశ్న వేస్తే క్షణంలో జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి నేర్చుకున్న పాఠాల్లో ఈ పేజీలూ ఉన్నాయి. కనుక ఇక్కడ రెండు పేర్లు కలిసిపోతే ఆ కలగాపులగం ఒక్క పేజీతో ఆగదు. వేయి నోళ్ల పలుకుతుంది.

వికీపీడియాలో ఒక సాంకేతిక నియమం ఉంది. ఒక శీర్షిక ఒక్క పేజీకే చెందుతుంది. అచ్చు పుస్తకంలోనైతే "రుద్రదేవుడు" అన్న పేరు కింద వరసగా ముగ్గురిని గూర్చి రాసుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఒకరు ఆ పేరు పుచ్చుకుంటే, మిగిలినవారి పేరు పక్కన కుండలీకరణాల్లో ఊరో, కాలమో, వృత్తో చేర్చి వేరు చేయాలి. ఈ పనికి తెలుగు వికీపీడియా రచయితలు పెట్టుకున్న పేరు "అయోమయ నివృత్తి".

నివృత్తికి మార్గాలు రెండు. ఒకే పేరుగల విషయాలన్నిటికీ ఒక పట్టిక పేజీ కట్టడం మొదటిది. పేజీ తలమీదనే, అసలు వ్యాసం మొదలు కాకముందే, ఒక్క వాక్యంలో దారి చూపడం రెండవది. ఈ రెండవ పని మూసతో జరుగుతుంది. రాసేవారు జంట మీసాల బ్రాకెట్ల మధ్య మూస పేరు, చూడవలసిన పేజీ పేరు రాసి ఊరుకుంటారు. పాఠకునికి మాత్రం అది కాస్త లోపలికి జరిగి, వాలు అక్షరాల్లో, "ఈ పేజీ ఫలానా దాన్ని గురించి, ఇదే పేరుగల మరొకదాని కొరకు ఫలానా పేజీ చూడండి" అన్న పూర్తి వాక్యంగా కనిపిస్తుంది.

మూస అన్న మాట కంసాలి కొట్టునుంచి వచ్చింది. లోహం ఏదైనా, పోసిన మూసను బట్టి ఆకారం వస్తుంది. ఇక్కడా అంతే. వాక్యం అచ్చు ఒకచోట ఉంటుంది. పేర్లు మాత్రమే పేజీకి తగ్గట్టు మారతాయి. ఆ ఒక్కచోట వాక్యాన్ని దిద్దితే, దాన్ని వాడిన వందల పేజీల్లోనూ దిద్దుబాటు జరిగిపోతుంది. రాసేవారికి శ్రమ తగ్గుతుంది. ఏ పేజీ తెరిచినా గుర్తు ఒకేచోట ఒకే తీరున ఉంటుంది కనుక పాఠకుడు దాన్ని చూడగానే పోలుస్తాడు.

ఈ మూసలు చెప్పే మాటలు ముఖ్యంగా నాలుగు రకాలు. ఇది దీన్ని గురించి, దానికోసం అక్కడ చూడండి అన్నది ఒకటి. ఈ పేరుగలవి ఇంకా అనేకం ఉన్నాయి, పట్టిక చూడండి అన్నది రెండు. పేరు దగ్గరగా ఉన్నా ఇది అది కాదు, పొరబడవద్దు అన్నది మూడు. మీరు వెతికిన పేరు ఈ పేజీకి దారి తీసింది, మీకు కావలసింది వేరే అయితే అటు వెళ్లండి అన్నది నాలుగు. గుమస్తా పనిలా కనిపించే ఈ నాలుగు వాక్యాలలో చరిత్ర రచనకు సంబంధించిన చిక్కులు దాగి ఉన్నాయి.

2

ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి పాఠకుణ్ణి పంపడం నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1728లో లండనులో ఎఫ్రాయిమ్ ఛేంబర్స్ ప్రకటించిన "సైక్లోపీడియా"లో ఈ దారిచూపులు విరివిగా ఉన్నాయి. అక్షరక్రమం వల్ల తెగిపోయిన విజ్ఞానాన్ని మళ్లీ ముడివేయడం వాటి పని. 1751లో పారిస్‌లో డిడెరో, డాలంబేర్ ప్రారంభించిన మహా విజ్ఞాన సర్వస్వం దాన్నే ఆయుధంగా మార్చుకుంది. నరభక్షకులను గూర్చిన చిన్న వ్యాసం చివర, క్రైస్తవుల ప్రభుభోజన సంస్కారాన్నీ బలిపీఠాన్నీ చూడవలసిందిగా పాఠకునికి సూచన ఉంది. మతాధికారులను ఒక్క మాట అనకుండానే చెప్పవలసింది చెప్పారు. 1759లో రాజశాసనం ఆ గ్రంథానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. అయినా 1765 నాటికి పదిహేడు పాఠ్య సంపుటాలు పూర్తయ్యాయి. నిషేధాల కింద పనిచేసిన ఆ రచయితలకు "చూడుము" అన్న ఒక్క క్రియాపదమే వాక్స్వాతంత్ర్యం అయింది.

మన చరిత్రకారులకు పేరుపోలిక మరొక రూపంలో ఎదురైంది. రాజులు తమ తాతల పేర్లు పెట్టుకున్నారు. "మొదటి", "రెండవ" అన్న సంఖ్యలు శాసనాల్లోవి కావు. ఆధునిక చరిత్రకారులు తగిలించినవి. ఓరుగల్లును 1323 వరకు ఏలిన ప్రతాపరుద్రుడు తాను రెండవవాడినని ఎన్నడూ అనుకోలేదు. ఆయన్ను, 1158 నుంచి 1195 వరకు పాలించిన రుద్రదేవుణ్ణి, 16వ శతాబ్దిలో ఒడిశాను ఏలిన ప్రతాపరుద్ర గజపతిని విడదీయడానికి మనకు సంఖ్యలూ వంశనామాలూ కావలసివచ్చాయి.

కాకతీయుల్లోనే ఇంకా బలమైన ఉదాహరణ ఉంది. రుద్రమదేవిని కొన్ని శాసనాలు "రుద్రదేవ మహారాజు" అని పురుషనామంతో పేర్కొన్నాయి. అది ఆమె పెద్ద తాతగారి పేరు కూడాను. పేరును మాత్రమే నమ్ముకున్నవాడికి ఆ రాతిమీద స్త్రీ కనిపించదు. కాలం, వంశక్రమం, బిరుదులు సరిచూసినప్పుడే ఒక పేరు వెనక ఇద్దరున్నారనీ, వారిలో ఒకరు సింహాసనమెక్కిన స్త్రీ అనీ తేలుతుంది. ఆమె మరణకాలాన్ని మనకు తెలిపినది కూడా రాజప్రశస్తి కాదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో, 1289లో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించిన శాసనం.

పేరును విడదీయకపోతే ఎన్ని తరాల వివాదం మిగులుతుందో పోతన విషయంలో చూశాం. ఆయన తనదిగా చెప్పుకున్న ఏకశిలానగరం ఓరుగల్లా, కడప జిల్లాలోని ఒంటిమిట్టా? రెండూ ఆ పేరుకు తగినవే. "ఆంధ్ర కవుల చరిత్రము" రాసిన కందుకూరి వీరేశలింగం ఒంటిమిట్ట వైపు మొగ్గారు. ఓరుగల్లు వైపు వాదించినవారు ఎందరో ఉన్నారు. ఇద్దరి వాదాల్లోనూ పాండిత్యం ఉంది, దానితోపాటు ప్రాంతాభిమానమూ ఉంది. పేరుపోలిక ఒక్కొక్కసారి నిజమైన అయోమయం. ఒక్కొక్కసారి అది ఆస్తి తగాదా.

3

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆంధ్ర మహాసభ ఏది?

మొదటిది 1913 మే నెలలో బాపట్లలో, బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన సమావేశమైంది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచన అక్కడ చర్చకు వచ్చింది. దాని వెనక ఉన్నది ఇంగ్లీషు చదివిన మధ్యతరగతి. ఉద్యోగాల్లోనూ విద్యలోనూ అరవవారి ముందు తాము వెనకబడ్డామన్న బాధ దానికి ఊపిరి. బ్రిటిషు పాలనలో, మద్రాసు నగరాన్ని ఎదుట పెట్టుకుని పలికిన "ఆంధ్ర" అది. ఆ దారి 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మీదుగా, 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ మీదుగా, 1953 అక్టోబరు 1 నాటి ఆంధ్ర రాష్ట్రానికి చేరింది.

రెండవదాని పుట్టుక వేరు. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి, 1930లో మెదకు జిల్లా జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభగా సమావేశమైంది. ఇక్కడ ఎదుట ఉన్నది మద్రాసు కాదు. సభ జరుపుకోవడానికి కూడా అనుమతి కావాలనే "గస్తీ నిషాన్ 53" అనే ఆజ్ఞ, ఉర్దూ తప్ప రాజభాష లేని సంస్థాన పాలన, వాటి నీడలో దేశ్‌ముఖ్‌ల గడీలు. ఇక్కడ "ఆంధ్ర" అంటే తెలుగువాడు. తెలంగాణ మనిషి తన నోట తన భాషను గూర్చి గర్వంగా చెప్పుకున్న మాట అది. మాడపాటి హనుమంతరావు తమ ఉద్యమ చరిత్రకు "తెలంగాణా ఆంధ్రోద్యమము" అని పేరు పెట్టారు. ఆనాడు ఆ రెండు మాటలు పక్కపక్కన కూర్చోవడంలో ఎవరికీ వింత కనబడలేదు.

ఏటేటా ఆ సభ స్వరూపం మారింది. గ్రంథాలయాలు, పాఠశాలలు, సంస్కరణలు అడిగిన చోట వెట్టి రద్దు, భూమి, కౌలు, అక్రమ లెవీల ప్రశ్నలు ముందుకొచ్చాయి. 1941లో చిలుకూరు సభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డి 1944లో భువనగిరిలో మళ్లీ అధ్యక్షులయ్యారు. సభ్యత్వ రుసుము అణాకు తగ్గడంతో కూలీ కూడా సభ్యుడు కాగలిగాడు. మితవాదులు విడిపోయి అదే పేరుతో వేరుగా సభలు జరుపుకున్నారు. అది మూడవది. ఆ విధంగా 1944 తరువాత కొంతకాలం తెలంగాణలోనే రెండు ఆంధ్ర మహాసభలున్నాయి. ఒకదాని వెనక వామపక్షం, ఇంకొకదాని వెనక జాతీయవాదులు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగినప్పుడు ప్రజల నోట వినబడినది వీటిలో ఏది? దానికి ప్రజలే వేరే పేరు పెట్టుకున్నారు. "సంగం" అన్నారు.

ఒకే శీర్షిక కింద ఈ మూడింటినీ కుక్కితే జరిగేదేమిటి? బాపట్ల వకీలూ, భువనగిరి పాలేరూ ఒకే కోరిక కోరినట్టు కనిపిస్తారు. రాష్ట్రం కావాలన్న పోరాటమూ, భూమి కావాలన్న పోరాటమూ ఒకే వరసలో మెట్లవుతాయి. వర్గ సంఘర్షణ మాయమై, "తెలుగువారి అభ్యుదయం" అన్న నున్నటి కథ మిగులుతుంది. నష్టపోయేది పాలేరు. రావలసిన చోట అతని పేరు రాకపోవడమే కాదు, అతని సంఘం పేరు కూడా ఇంకొకరి ఖాతాలో జమపడుతుంది.

ఇక నేటి విద్యార్థి ముందు కొత్త చిక్కు ఉంది. 1956 నవంబరు 1 నుంచి 2014 జూన్ 2 వరకు నడిచిన కథ తరువాత "ఆంధ్ర" అన్న మాట చాలామంది చెవికి కోస్తా, రాయలసీమలనే సూచిస్తున్నది. వరంగల్లు పిల్లవాడు "జోగిపేటలో ఆంధ్ర మహాసభ" అని చదివితే, కోస్తావారు వచ్చి తెలంగాణలో సభ పెట్టారని అనుకోవచ్చు. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని గూర్చీ అలాగే అనుకోవచ్చు. 1943లో హైదరాబాదులోనే పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సారస్వత పరిషత్తుగా పేరు మార్చుకుంది. దానికీ, 1911లో మద్రాసులో పుట్టి గ్రాంథిక భాష కొమ్ము కాసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకూ అక్షరాల పోలిక తప్ప సంబంధం లేదు. జోగిపేటలో మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహిళా సభ వేరు. 1937లో మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ వేరు.

4

అయితే మూసలో ఏమి రాయాలి? ఒక నమూనా చూద్దాం. నైజాం సభను గూర్చిన పేజీ తలమీద ఇలా ఉండవచ్చు: "ఈ పేజీ హైదరాబాదు సంస్థానంలో 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ గురించి. మద్రాసు రాజధానిలో 1913లో బాపట్లలో మొదలైన సభ కొరకు ఆంధ్ర మహాసభ (మద్రాసు రాజధాని) చూడండి." సాహిత్య సంస్థల పేజీల్లో పొరబడవద్దనే మూస చాలు: "ఇది ఆంధ్ర సాహిత్య పరిషత్తు కాదు." ఇందులో పొగడ్త లేదు, తెగడ్త లేదు. కాలం, స్థలం, పేరు ఉన్నాయి.

అసలు చిక్కు కుండలీకరణాలు లేని ఉత్త పేరు ఎవరికివ్వాలన్న దగ్గర వస్తుంది. "ఆంధ్ర మహాసభ" అని కొట్టగానే తెరుచుకునే పేజీ ఏది? ఇంగ్లీషు వికీపీడియాలో దీనికి రెండు కొలతలున్నాయి. పాఠకులు ఎక్కువగా వెతికేది ఏదన్నది ఒకటి. దీర్ఘకాలంలో ప్రాముఖ్యం దేనికున్నదన్నది రెండవది. మొదటి కొలత అంకెల కొలత, నిష్పక్షపాతంగా కనిపిస్తుంది. కాని పాఠకులు దేన్ని వెతుకుతారన్నది వారి పాఠ్యపుస్తకాలు ఏమి నేర్పాయన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. పాఠ్యపుస్తకం ఎవరిని మరిచిపోయిందో, అంకె కూడా వారినే మరిచిపోతుంది. రెండవ కొలతకు చరిత్రజ్ఞానం కావాలి, వాదన కావాలి. అది అంకెలకు వదిలిపెట్టదగినది కాదు.

నా అభిప్రాయంలో ఇక్కడ ఉత్త పేరు ఎవరికీ ఇవ్వరాదు. అది పట్టిక పేజీ కావాలి. దాని కింద మూడు సభలూ మూడు పంక్తుల్లో, ఏడు, ఊరు, అధ్యక్షుల పేర్లతో నిలబడాలి. పాఠకుడు ఒక క్షణం ఆగి తనకు కావలసినదేదో ఎంచుకుంటాడు. ఆ ఆగిన క్షణమే చరిత్ర పాఠంలో మొదటి మెట్టు.

ప్రజలు పెట్టుకున్న పేరుకు కూడా తలుపు ఉండాలి. "సంగం" అని వెతికినవాడికి నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డునున్న ఊరు దొరుకుతుంది. తమిళుల ప్రాచీన సంగ సాహిత్యం కూడా దగ్గరి పేరే. వాటి తలమీద, "తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో ఈ పేరుతో పిలవబడిన సంస్థ కొరకు ఫలానా పేజీ చూడండి" అన్న వాక్యం ఉంటే, తాత నోట ఆ మాట విన్న మనవడికి దారి దొరుకుతుంది. పత్రాల్లోని పేరు తెలిసినవారికే తలుపు తెరిచే విజ్ఞాన సర్వస్వం సగం జనానికి మూసిన ఇల్లు.

దీనికి తిరగబడ్డ చిక్కు కూడా ఉంది. ఒక మనిషికి రెండు పేర్లుంటాయి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను కులం పేరుతో చాకలి ఐలమ్మ అన్నది. పేజీకి ఏ పేరు పెట్టినా, రెండవ పేరుతో వచ్చినవాడు అక్కడికే చేరాలి. ఏది శీర్షిక, ఏది దారి అన్న నిర్ణయంలో గౌరవమూ ఉంది, జ్ఞాపకమూ ఉంది. కులం పేరును పోరాట బిరుదుగా నిలుపుకున్నవారున్నారు; ఇంటిపేరే మర్యాద అన్నవారున్నారు. మూస ఈ వాదాన్ని తీర్చదు. వాదించేవారిద్దరినీ ఒకే మనిషి దగ్గరకు చేరుస్తుంది.

5

ఈ పని ఎక్కువగా కావలసింది ఊళ్ల పేజీల్లో. తెలుగు వికీపీడియాలో వేలాది గ్రామాలకు పేజీలున్నాయి. రామాపురాలు, వెంకటాపురాలు, కొత్తపల్లులు జిల్లా జిల్లాకూ ఉన్నాయి. ఈ పోలిక వట్టి కాకతాళీయం కాదు. దేవుని పేరో, దొర పేరో మోస్తున్న ఊళ్లలో ఎన్నో దానాలతోనూ అగ్రహారాలతోనూ పుట్టినవి. కొత్తపల్లి, కొత్తూరు అన్నవి ఎక్కడో పాత ఊరు విడిచి వచ్చి, అడవి కొట్టి, పొలం చేసుకున్నవారి మాటలు. ఒకే పేరు వంద చోట్ల కనిపించడమే ఒక సామాజిక చరిత్ర.

వాటిని విడదీయడానికి మండలం పేరో జిల్లా పేరో కుండలీకరణాల్లో చేరుస్తారు. మండలాలు 1985లో వచ్చాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. 2019లో ముప్ఫై మూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న పదమూడు ఇరవై ఆరయ్యాయి. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో వేల పేజీల తలమీది గుర్తులు పాతబడ్డాయి. ఊరు కదలలేదు, చిరునామా కదిలింది. అటువంటప్పుడు చేతితో రాసిన వాక్యాలను ఒక్కొక్కటిగా వెతికి దిద్దాలి. మూసతో రాసిన చోట ఏ మూస ఏ పేజీల్లో ఉందో జాబితా దొరుకుతుంది కనుక పని సుళువవుతుంది. అయినా దిద్దే మనిషి కావాలి. మూస తనంత తాను కొత్త జిల్లాను కనిపెట్టలేదు.

"ఆంధ్రప్రదేశ్" అన్న పేరే చూడండి. 1956 నుంచి 2014 వరకు ఆ పేరు మోసిన రాష్ట్రమూ, 2014 తరువాత మోస్తున్న రాష్ట్రమూ ఒకే భూభాగం కావు. "ఆంధ్రప్రదేశ్‌లో ఇంత సాగు భూమి" అన్న పాత పుస్తకంలోని అంకెను నేటి రాష్ట్రానికి అంటగడితే లెక్క తప్పుతుంది. పేర్లకు కూడా పుట్టిన తేదీలున్నాయి.

6

రెండు ఆక్షేపణలకు జవాబు చెప్పాలి.

ఇది పండితుల సూక్ష్మం, దీనివల్ల ప్రజలకేమిటి అని కొందరంటారు. పేరు ఎవరిదన్నది సూక్ష్మమే అయితే, 1944 తరువాత రెండు పక్షాలూ అదే పేరును పట్టుకుని ఎందుకు పెనుగులాడాయి? పేరుతో పల్లెపల్లెన ఉన్న నమ్మకం వస్తుంది కనుక. ఆనాడు పోరాడి సంపాదించుకున్న దాన్ని ఈనాడు బద్ధకంతో పోగొట్టుకోవడం ఏ విధంగానూ అభ్యుదయం కాదు.

రెండవ ఆక్షేపణ మనవైపుకే తిరుగుతుంది. మనవారు కూడా "ఆంధ్ర మహాసభ" అంటే సంగమే అన్నట్టు రాశారు. మితవాదులు నడిపిన సభను ప్రస్తావించకుండా వదిలేసినవారున్నారు. జోగిపేటనుంచే ఎర్రజెండా ఎగిరినట్టు ధ్వనింపజేసినవారున్నారు. ఇదీ అయోమయమే. గ్రంథాలయాలకోసం, తెలుగు మాటకోసం తొలి పదేళ్లు పాటుపడినవారిని తుడిచివేసి మన చరిత్రను గొప్ప చేసుకోనక్కరలేదు. ఉద్యమం ఎలా మారిందో చెప్పగలిగినవాడే మార్పును నమ్ముతాడు. మూసలో "నిజమైన", "అసలైన" అన్న విశేషణాలు పెట్టబోయే చేతిని, అది మన చేయి అయినా సరే, ఆపాలి. డిడెరో కాలంలో నిజాన్ని చాటుగా చెప్పడానికి దారిచూపు కావలసివచ్చింది. మనకు దాన్ని చాటుకు పంపకుండా ఉండటానికి కావాలి.

అలాగని వేరు చేయడమంటే సంబంధం లేదనడం కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1908లో మద్రాసుకు తరలింది. దాని పుస్తకాలు రెండు వైపులా చదివారు. ఒక ప్రాంతపు మేలుకొలుపు గాలి మరొక ప్రాంతానికి వీచింది. ఆ సంబంధాన్ని వివరించడం వ్యాసం పని. రెండూ ఒకటి కావని చెప్పడం తలమీది వాక్యం పని. ముందు గీత గీసుకుంటేనే తరువాత గీతకు ఇరుపక్కల సాగిన రాకపోకలు కనబడతాయి.

కొమర్రాజు "ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము"ను తలకెత్తుకుని, 1923లో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలు తేగలిగారు. అవి "అ"కారాన్ని దాటలేదు. ఆనాడు ధనం లేదు, అచ్చు కష్టం, రాసేవారు కొద్దిమంది. నేడు ఏ కళాశాల విద్యార్థి అయినా ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక పేజీని దిద్దగలడు. చరిత్ర ఉపాధ్యాయులు తమ తరగతికి ఈ పని అప్పగించవచ్చు. ప్రతి విద్యార్థి తన ఊరి పేరుగల ఇతర ఊళ్లను వెతికి పట్టిక కట్టాలి. తన జిల్లాలో పుట్టిన ఒక సంఘం పేరును తీసుకుని, అదే పేరుగల మరొకదాన్నుంచి ఏడు, ఊరు, ఆధారం చూపి వేరు చేయాలి. చివరికి రెండు పేజీల తలమీదా ఒక్కొక్క మూస ఉంచాలి. జోగిపేటకూ బాపట్లకూ మధ్య ఉన్న తేడాను ఒక్క వాక్యంలో రాయగలిగిన విద్యార్థి ఇక పరీక్షలో ఆ రెంటినీ కలిపి రాయడు.

చెరువుగట్టు రామయ్య బాకీని మిట్టపొలం రామయ్య దగ్గర వసూలు చేయబోతే ఊరు ఊరుకోదు. కడవెండిలో చిందిన నెత్తురు ఎవరి ఖాతాలో రాస్తున్నామన్న విషయంలో మనం ఆ ఊరిపాటి జాగ్రత్త అయినా చూపాలి.